డిను లిపట్టి: ఆగిపోయిన పద్నాలుగో వాల్ట్జ్

1950 సెప్టెంబర్ 16, ఫ్రాన్స్‌లోని బెజాన్సన్ అనే ఊరు. అక్కడ సంగీతోత్సవం జరుగుతోంది. ఆ రోజు పియానో వాయించాల్సిన ఆయనకి 33 ఏళ్ళు. ఒంట్లో అస్సలు ఓపిక లేదు, డాక్టర్లు వద్దన్నారు. మాటిచ్చాను కదా అని వెళ్ళాడు. ఆయనే డిను లిపట్టి. ఈ ఎపిసోడ్ ఆయన గురించే.

1917లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో పుట్టాడు. నాన్న వయొలిన్, అమ్మ పియానో వాయించేవాళ్ళు. జ్ఞానస్నానంలో గాడ్‌ఫాదర్‌గా నిలబడింది ఎవరనుకున్నారు? రొమేనియా మహా సంగీతకారుడు జార్జ్ ఎనెస్కు! 1933లో వియన్నా పోటీలో లిపట్టికి రెండో బహుమతి ఇచ్చారు. మొదటిది ఈ కుర్రాడికే రావాలని జడ్జీల్లో ఒకాయన ఏకంగా జ్యూరీకి రాజీనామా చేసేశాడు. ఆయన ఆల్‌ఫ్రెడ్ కోర్టో, ఆ రోజుల్లో చాలా పెద్ద పేరున్న పియానిస్ట్. తర్వాత లిపట్టి పారిస్ వెళ్ళి ఆ కోర్టో దగ్గరే నేర్చుకున్నాడు.

ఇక్కడ ఆయన స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు "ముందు రిలీజ్ చేసేద్దాం, తప్పులుంటే తర్వాత చూసుకుందాం" అనేవాళ్ళం. లిపట్టి దీనికి పూర్తిగా రివర్స్. బీథోవెన్ ఐదో కన్చెర్టో రికార్డ్ చేద్దామంటే, తయారవడానికి నాలుగేళ్ళు కావాలన్నాడట. ఎంత సాధన చేసినా ఇంకా సిద్ధంగా లేననుకునే మనిషి.

కానీ అన్ని ఏళ్ళు ఆయన చేతిలో లేవు. యుద్ధం మధ్యలో, 1943లో, రొమేనియా వదిలి స్విట్జర్లాండ్ చేరాడు. జెనీవా కన్సర్వేటరీలో పాఠాలు చెప్పాడు. తర్వాత హాడ్జ్‌కిన్స్ వ్యాధి అని తేలింది, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. 1950లో, అప్పుడే కొత్తగా వచ్చిన కార్టిజోన్ ఇచ్చారు. కొన్ని వారాలు శక్తి తిరిగొచ్చింది. ఆ జులైలోనే జెనీవాలో వరసగా రికార్డింగులు చేశాడు. షోపాన్ వాల్ట్జ్‌లు 14 అప్పుడు చేసినవే.

మళ్ళీ బెజాన్సన్‌కి వద్దాం. బాఖ్, మోజార్ట్, షూబర్ట్ అయిపోయాయి. తర్వాత షోపాన్ వాల్ట్జ్‌లు, మొత్తం 14 వాయించాలి. ఒక్కొక్కటీ వాయిస్తూ 13 పూర్తి చేశాడు. పద్నాలుగోది ఇక చేతకాలేదు. దాని బదులు బాఖ్ ప్రార్థనా గీతం ఒకటి మెల్లగా వాయించి కచేరీ ముగించాడు. అదే ఆయన చివరి కచేరీ. డిసెంబర్ 2న జెనీవాలో చనిపోయాడు.

సిద్ధంగా లేకపోతే వాయించనన్న మనిషి, శరీరం ఏమాత్రం సిద్ధంగా లేని రోజున స్టేజి ఎక్కాడండీ. నన్ను కదిలించింది ఇదే. పూర్తిగా బాగుండటం కన్నా ఇచ్చిన మాట పెద్దదని ఆ రోజు ఆయనకి అనిపించి ఉండాలి.

రెండు రికార్డింగులూ ఇప్పుడు దొరుకుతాయి. ముందు జెనీవాది వినండి, అందులో 14 ఉన్నాయి. తర్వాత బెజాన్సన్‌ది వినండి. అందులో 13 దగ్గర ఆగిపోతుంది. ఆ ఆగిన చోట మీకేమనిపించిందో నాకు చెప్పండి. ఉంటాను, సెలవు.