షార్డొనే ఇంటి గుట్టు

పెళ్లి విందుల్లో గ్లాసు పట్టుకుని షార్డొనే, షార్డొనే అంటావే మనవడా, దాని పుట్టుపూర్వోత్తరాలు ఎప్పుడైనా అడిగావా? నదీమూలం, ఋషిమూలం అడగకూడదన్నారు గానీ ద్రాక్షమూలం అడగొద్దని ఎవరూ అనలేదుగా! ఆ ఫోను పక్కన పెట్టి విను.

ఫ్రాన్సులో బర్గండీ అని ఒక సీమ. పూర్వం అక్కడ మంచి కొండవాలు భూములన్నీ దొరలవీ, మఠాలవీ. వాటిలో పినో అనే ద్రాక్ష వేసేవారు. నాసి నేలల్లో రైతులు గూయె బ్లాన్ అనే తెల్లద్రాక్ష వేసుకునేవారు. విరగకాసేది, కానీ పులుపెక్కువ, రుచి తక్కువ. దొరలకు దాన్ని చూస్తేనే చీదర. కొన్నిచోట్ల అసలు నాటొద్దని నిషేధించారు కూడా.

మా చిన్నప్పుడు ద్రాక్షపళ్లు జ్వరమొచ్చినవాడి మంచం పక్కనే కనిపించేవి. అణాలు లెక్కపెట్టుకుని కొనే సరుకు మరి! వాటి కోసం జ్వరం రావాలని మొక్కుకున్న వెధవలం మేం. సరే, ఎటో పోతున్నాను.

పుప్పొడికి గట్లేమిటి, తాహతులేమిటి? పినో, గూయె కలిశాయి. షార్డొనే పుట్టింది. అది అచ్చంగా పినో వంశమేనని జనం చాలాకాలం నమ్మారు. 1999లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో కారల్ మెరెడిత్ బృందం డీఎన్‌ఏ పరీక్షలు చేసి అసలు సంగతి బయటపెట్టింది. గామే అనే ద్రాక్ష కూడా దీనికి తోబుట్టువేనట. ఆ గామేనే 1395లో బర్గండీ డ్యూకు ఫిలిప్ పీకి పారేయమన్నాడు! ఒక కడుపు పంటే, ఒకదానికి అందలం, ఇంకోదానికి బహిష్కారం.

ఇక షార్డొనే గుణమా? కొత్తకోడలిలా ఏ ఇంటి పద్ధతి ఆ ఇంట్లో పట్టేస్తుంది. బర్గండీలోని చాబ్లీ చలిలో, సున్నపు నేలలో నిమ్మపులుపు. కాలిఫోర్నియా ఎండలో అనాస వాసన. కొత్త ఓకు పీపాలో ఉంచితే వెనిల్లా ఘాటు. ఆ పీపా మోజు ముదిరిపోయి, 1990లలో 'షార్డొనే తప్ప ఏదైనా పొయ్యి' అనే దాకా వచ్చారు జనం. అతి సర్వత్ర వర్జయేత్ అని ఊరికే అన్నారా!

1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఫ్రెంచి, కాలిఫోర్నియా వైన్లకు సీసాల పేర్లు దాచి పోటీ పెట్టాడు. తీర్పరులంతా ఫ్రెంచి ఘనులు. ఒకాయన కాలిఫోర్నియా వైను చప్పరించి, హమ్మయ్య, మళ్లీ ఫ్రాన్సుకొచ్చాం అన్నాడట! చివరికి తెల్లవైన్లలో మొదటి స్థానం కాలిఫోర్నియాలోని షాటో మాంటెలీనా వారి 1973 షార్డొనేదే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాళ్లు ఆ రోజు నాలుగూ లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

అందుకే చెబుతున్నా నాయనా, పేరు చూసి మురవకు, కులం చూసి ఈసడించకు. నువ్వు గొప్పగా ఎత్తే ఆ గ్లాసులో సగం రక్తం గూయెదే.