మారథాన్ శిక్షణ (గోదావరి డెల్టా)

42.195 కిలోమీటర్ల పరుగుకు శరీరాన్ని క్రమంగా సన్నద్ధం చేసే సాధనే మారథాన్ శిక్షణ. ఈ దూరం 1908 లండన్ ఒలింపిక్స్‌లో మొదట అమలై, 1921లో ప్రామాణికమైంది. శిక్షణ సాధారణంగా 16–20 వారాలు సాగుతుంది. వారానికో సుదీర్ఘ పరుగు చొప్పున 30–32 కిలోమీటర్లకు చేరాక, చివరి 2–3 వారాల్లో దూరం తగ్గిస్తారు.

గోదావరి డెల్టా చదునైన నేల. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో విస్తరించిన కాలువల గట్లు నిలకడైన వేగంతో పరుగెత్తడానికి అనుకూలం. ఫ్లైఓవర్లు ఎక్కాల్సిన హైదరాబాద్ మారథాన్ (ప్రారంభం 2011) వంటి పోటీలకు మాత్రం ఎత్తెక్కే సాధన విడిగా అవసరం. వంతెనల వాలు రోడ్లు అందుకు పనికొస్తాయి. డెల్టా ఉక్కపోతలో చెమట త్వరగా ఆరక శరీరం సరిగా చల్లబడదు. అందువల్ల వేసవిలో సూర్యోదయానికి ముందే పరుగు ముగించడం క్షేమం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కాబట్టి చెమటలో పోయిన ఉప్పు భర్తీకి ఉప్పు వేసిన మజ్జిగ తోడ్పడుతుంది.