డిమెన్షియా రోగుల కుటుంబ సంరక్షకులకు ఆన్‌లైన్ శిక్షణ

సంగారెడ్డి జిల్లా నారాయణ్‌ఖేడ్ డివిజన్‌లోని నాగల్‌గిద్ద వంటి సరిహద్దు మండలాలలో డిమెన్షియా రోగి సంరక్షణ ప్రధానంగా ఇంటివారి బాధ్యతే. నిపుణుల సేవలు నగరాలలోనే అధికం. డిమెన్షియా వయసుతో వచ్చే సాధారణ మతిమరుపు కాదు. మెదడు వ్యాధుల వలన జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా సన్నగిల్లే స్థితి. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో సుమారు 88 లక్షల మంది దీనికి గురైనారు.

సంరక్షకుల కొరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఐసపోర్ట్’ అనే ఆన్‌లైన్ శిక్షణను రూపొందించింది. ఇందులో 5 విభాగాలు, 23 పాఠాలు కలవు. వ్యాధి పరిచయం, సంరక్షకుని పాత్ర, సంరక్షకుని స్వీయ ఆరోగ్యం, దైనందిన సేవలు, రోగి ప్రవర్తనలోని మార్పులు ఇందలి అంశాలు. ఉదాహరణకు, రోగి ఒకే ప్రశ్నను పదే పదే అడిగినపుడు వాదించక, శాంతంగా బదులిచ్చి మనసును వేరొక పనివైపు మళ్లించడం మేలు.

బెంగళూరులోని నిమ్హాన్స్ ఈ శిక్షణను భారతీయ పరిస్థితులకు అనువుగా మలచి పరీక్షించింది. 2021లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, చేరిన 151 మందిలో 55 మంది మాత్రమే చివరి వరకు కొనసాగారు. వారిలో శిక్షణ పొందినవారికి రోగి పట్ల దృక్పథం మెరుగుపడింది. పాఠాలు ఉచితమైనా సంరక్షకులకు తీరిక లభించడం దుర్లభం. కావున రోజుకు కొంత సమయమైనా ఇంటిలోని ఇతరులు సేవాభారాన్ని పంచుకొనుట అవసరం.

అంతర్జాల సౌకర్యం లేనివారి కొరకు 2019లో కరదీపిక కూడా వెలువడింది. చదువు వచ్చిన పిల్లలు దానిలోని విషయాలను ఇంటి పెద్దలకు వివరించవచ్చును. సంరక్షకులు మానసిక ఒత్తిడికి లోనైనపుడు టెలీమానస్ 14416కు, వృద్ధుల సహాయార్థం ఎల్డర్‌లైన్ 14567కు ఉచితంగా ఫోన్ చేయవచ్చును.