భోజనాలవేళ మోగే ఫోను

మేం అమెరికా వచ్చిన కొత్తలో, అంటే 1994లో, ఫోను మోగితే ఇద్దరం పరుగెత్తేవాళ్ళం. ఇండియాకి మాట్లాడాలంటే నిమిషానికి డాలరు దాటే రోజులవి. ఫోనంటే మాకు విజయవాడే. సాయంత్రం ఆరున్నరకి, సరిగ్గా మా ఆవిడ పప్పులో పోపు పెట్టే వేళకి మోగేది మాత్రం విజయవాడ కాదని కొద్ది నెలల్లోనే తెలిసొచ్చింది. లాంగ్ డిస్టెన్స్ కంపెనీ మార్చమని ఒకడు, కిటికీలు మార్చమని ఇంకొకడు, కార్పెట్లు కడుగుతామని మరొకడు. మా ఇంటిపేరు పలకబోయి అవతలి మనిషి ఒక్క క్షణం తడబడితే చాలు, అమ్మకానికొచ్చాడని పట్టేసేవాళ్ళం. కాలర్ ఐడీ కొనకముందు మన తెలుగు పేర్లే మనకి కాలర్ ఐడీ!

"హలో" అన్నాక అవతల కాసేపు నిశ్శబ్దం ఎందుకుంటుందో అప్పట్లో అర్థమయ్యేది కాదు. ఫోన్లు కలిపేది మనిషి కాదు, యంత్రం. ఒకేసారి ఎన్నో ఇళ్ళకి కలిపి, ఎత్తినవాళ్ళని ఖాళీగా ఉన్న ఉద్యోగికి అప్పగిస్తుంది. ఆ అప్పగింతకి పట్టే సమయమే ఆ నిశ్శబ్దం. భోజనాలవేళే ఎందుకంటారా? అప్పుడే కదా అందరూ ఇంట్లో దొరికేది.

నిజానికి మేం రాకముందే దీనికో చట్టం ఉంది. సౌత్ కెరొలైనా సెనేటర్ ఎర్నెస్ట్ హోలింగ్స్ పూనుకున్న బిల్లు మీద 1991 డిసెంబరులో పెద్ద బుష్ సంతకం పెట్టారు. అనుమతి లేకుండా రికార్డు చేసిన గొంతుతో ఇళ్ళకి అమ్మకపు ఫోన్లు చేయకూడదు. తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారం ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి తొమ్మిది తర్వాత చేయకూడదు. తప్పు చేస్తే కాలుకి 500 డాలర్లకి మనమే దావా వేసుకోవచ్చు. వినడానికి బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, "నాకు చేయకండి" అని ప్రతి కంపెనీకీ విడివిడిగా చెప్పుకోవాలి. వంద కంపెనీలుంటే వందసార్లు. పప్పు చల్లారిపోదూ?

అందుకని మేం మా ఇంట్లోనే ఒక చట్టం చేసుకున్నాం. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, కాలర్ ఐడీలో తెలిసిన పేరు కనబడకపోతే ఫోను ఎత్తకూడదు. ఇండియా నుంచి వచ్చేవాటికి కూడా "అవుటాఫ్ ఏరియా" అనే పడేది. అయినా మనవాళ్ళు ఆదివారం పొద్దున్నే కదా చేస్తారు అనుకున్నాం.

2002 నవంబరులో, ఒక మంగళవారం సాయంత్రం ఏడింటికి ఫోను మోగింది. "అవుటాఫ్ ఏరియా." ఎత్తలేదు. మళ్ళీ మోగింది. "వీడెవడో జలగలా పట్టుకున్నాడే" అన్నాను. మూడోసారి కూడా మోగి ఆగింది. అవతల మా తమ్ముడు, హాస్పిటల్ ఎదుటి ఎస్టీడీ బూతులో, తెల్లవారుజామున అయిదున్నరకి. మా ఆన్సరింగ్ మెషీను గొంతు వినబడగానే మీటరు తిరుగుతోందని పెట్టేశాడు. రాత్రి పదకొండుకి, పక్క ఊళ్ళో ఉన్న మా మేనబావకి చేసి కబురు చెప్పించాడు. నాన్నగారు మాట్లాడగలిగిన ఆఖరి గంట మేం అన్నాలు తింటున్న ఆ గంటే. తమ్ముడు ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

అందుకే 2003 జూన్ 27న జాతీయ "డు నాట్ కాల్" జాబితా తెరిచినప్పుడు, మొదటి రోజే మా నంబరు ఎక్కించాను. వెబ్‌సైటు మొరాయిస్తుంటే మధ్యాహ్నమంతా ఆఫీసులో ఆ పని మీదే కూర్చున్నాను. సెప్టెంబరు నాటికి దాదాపు 5 కోట్ల నంబర్లు చేరాయి. అంతలో ఓక్లహోమాలో ఫెడరల్ జడ్జి ఒకరు, ఇలాంటి జాబితా పెట్టే అధికారం ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి లేదన్నారు. జనం ఊరుకుంటారా! ఆ జడ్జిగారి ఆఫీసుకే ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఏ పని మీదా ఒక పట్టాన కదలని కాంగ్రెస్ రెండు రోజుల్లో కొత్త బిల్లు పాస్ చేసింది, సభలో 412–8, సెనేట్‌లో 95–0. మన ఇళ్ళల్లో పెళ్ళి ముహూర్తానికైనా ఇంత ఏకాభిప్రాయం కుదరదు. వాక్ స్వాతంత్ర్యం పేరుతో డెన్వర్‌లో వచ్చిన ఇంకో అడ్డంకిని 2004 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు తొలగించింది. రాజకీయ పార్టీలకీ, చందాలకీ, సర్వేలకీ మినహాయింపులున్నా, నాలుగైదేళ్ళు మా భోజనాలు ప్రశాంతంగా సాగాయి.

ఆ ప్రశాంతతని చెడగొట్టింది ఇంటర్నెట్టు. ఫోను ఖర్చు దాదాపు సున్నా అయింది. కంప్యూటరు వేల కాల్స్ చేయగలదు, కాలర్ ఐడీలో ఏ నంబరు కావాలంటే అది చూపించగలదు. జాబితాని గౌరవించేది చట్టానికి భయపడే కంపెనీలే. దొంగకి జాబితా ఏం చేస్తుంది? 2009 సెప్టెంబరు 1 నుంచి, రాతపూర్వక అనుమతి లేని రికార్డెడ్ అమ్మకపు కాల్స్‌ని నిషేధించారు. ఉపాయం చెప్పినవాళ్ళకి 50,000 డాలర్ల బహుమతి పోటీ కూడా పెట్టారు. 2013లో గెలిచినవాటిలో ఒకటి "నోమోరోబో".

ఆ తర్వాత జరిగింది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. పన్నుల శాఖ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే అరెస్టు చేస్తాం అని బెదిరించే గొంతులు మన యాసలో రావడం మొదలైంది. 2016 అక్టోబరులో ముంబై పక్కన మీరా రోడ్డులో కాల్ సెంటర్ల మీద పోలీసులు దాడి చేశారు. అదే నెలలో అమెరికా న్యాయశాఖ 56 మంది మీద, అహ్మదాబాద్‌కి చెందిన 5 కాల్ సెంటర్ల మీద అభియోగాలు బయటపెట్టింది. బాధితుల్లో ఇక్కడి ముసలివాళ్ళూ ఉన్నారు, వీసా భయంతో బతికే మనవాళ్ళూ ఉన్నారు. 2018లో వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం నంబరే కాలర్ ఐడీలో కనబడేలా చేసి మోసగిస్తుంటే, ఆ కార్యాలయమే హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. పాస్‌పోర్టులో తప్పుంది, దేశం నుంచి పంపించేస్తారు అనగానే గుండె ఆగిపోని కొత్త స్టూడెంటు ఎవరు?

2019 డిసెంబరు 30న ట్రేస్డ్ చట్టం వచ్చింది. 2021 జూన్ 30 నాటికి, ఇంటర్నెట్ మీద నడిచే లైన్లలో ఫోను చేసేవాడి నంబరు అసలుదేనా అని సరిచూసే ఏర్పాటు పెద్ద ఫోను కంపెనీలన్నీ పెట్టుకోవలసి వచ్చింది. దాని పేరు "స్టిర్–షేకెన్", జేమ్స్ బాండ్ తాగే మార్టీనీని తలపించేలా పెట్టిన పేరు. 2024 ఫిబ్రవరిలో, కృత్రిమ మేధతో పుట్టించిన గొంతులు కూడా 1991 చట్టం కిందికే వస్తాయని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ తేల్చింది. హోలింగ్స్‌గారి చట్టం ముప్పై ఏళ్ళ తర్వాత పుట్టిన దొంగకి కూడా పనికొచ్చిందన్నమాట.

తెలియని నంబర్లు మోగకుండా మా అబ్బాయి నా సెల్‌ఫోనులో ఏదో సెట్టింగు పెట్టి వెళ్ళాడు. వాడు గుమ్మం దాటగానే తీసేశాను. తమ్ముడు ఇప్పుడు వాట్సాప్‌లోనే చేస్తాడు, పేరుతో సహా ఫోటో పడుతుంది. అయినా తీసేశాను.

మొన్న సోమవారం అన్నం కలుపుకుంటుంటే మోగింది. ఎవరిదో తెలియని నంబరు. ఎడంచేత్తో ఎత్తాను. మెడికేర్ గురించి రికార్డు చేసిన ఆడగొంతు. పెట్టేశాను.

"ఎవరండీ?" అంది మా ఆవిడ.

"ఎవరూ కాదు" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. చల్లారిన పప్పు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది, వేడిచేయడానికి.