ఇల్లటం: దత్తత న్యాయంలో కనబడని కూతురు

హనుమంతమ్మకూ రామిరెడ్డికీ నడిచిన వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు 1881లో ఇచ్చిన తీర్పు, తెలుగు నేల మీది ఒక పాత ఆచారానికి న్యాయస్థానంలో గట్టి గుర్తింపు తెచ్చింది. అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగమైన బళ్లారి, కర్నూలు ప్రాంతాల మోటాటి కాపుల్లో, అంటే రెడ్లలో, మగపిల్లలు లేనివాడు కూతురికి పెళ్లి చేసి అల్లుణ్ణి ఇంట్లోనే పెట్టుకోవచ్చు, ఆస్తిలో కొడుకు వాటా ఇవ్వవచ్చు. ఇకముందు కొడుకు పుట్టే ఆశ ఉన్నా ఇది చెల్లుతుంది. దీన్నే ఇల్లటం అన్నారు. కమ్మవారిలోనూ ఈ ఆచారం ఉంది. జనం నోట ఎక్కువగా వినిపించే మాట ఇల్లరికం.

హిందూ న్యాయ గ్రంథాల్లో ఇల్లటం దాదాపు ఎప్పుడూ దత్తత అధ్యాయం చివర, ఒక అనుబంధంలా దొరుకుతుంది. దత్తపుత్రుడికీ ఇతనికీ తేడా ఏమిటన్నదే అక్కడి ప్రశ్న. దత్తుడికి పుట్టింటి గోత్రమూ హక్కులూ పోతాయి. ఇల్లటపుటల్లుడికి పోవు, కన్నతండ్రి ఆస్తిలోనూ అతనికి భాగం ఉంటుంది. దత్తుడు పిండప్రదానానికి వచ్చినవాడు, ఇల్లటంలో ఆ ఊసే లేదు. మామ బతికుండగా అల్లుడు పంపకం అడగలేడు. ఆయన పోయాక మాత్రం, ఆ తర్వాత పుట్టిన కొడుకుతోనైనా సమానంగా వాటా తీసుకుంటాడు. ఇన్ని తేడాలు లెక్కపెట్టిన న్యాయశాస్త్రం ఒక్క మనిషిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. ఆమె ఆ ఇంటి కూతురు. ఇల్లటాన్ని మగవాడి దత్తతకు తక్కువరకం రూపంగా చదవడం పొరపాటనీ, అది కూతురి సంతానాన్ని వారసులుగా నిలబెట్టుకునే ఏర్పాటనీ ఈ వ్యాసం వాదన.

ఈ వాదనకు నాకు బలంగా కనిపించే ఆధారం మేనల్లుడి స్థానం. 17వ శతాబ్దంలో కాశీలో నందపండితుడు రాసిన దత్తక మీమాంస ప్రకారం ద్విజులు కూతురి కొడుకునూ, అక్కచెల్లెళ్ల కొడుకునూ దత్తత తీసుకోరాదు. ఏ స్త్రీతో వివాహం నిషిద్ధమో ఆమె కొడుకు తనకు కొడుకు కాలేడన్నది అక్కడి తర్కం. శూద్రులకు ఈ నిషేధం లేదు. వలసకాలపు న్యాయస్థానాలు రెడ్లనూ కమ్మవారినీ శూద్ర వర్గంలోనే లెక్కించాయి. అంటే కొడుకు లేని రెడ్డి తన మేనల్లుణ్ణి నిక్షేపంగా దత్తత చేసుకోవచ్చు. శాస్త్రం అడ్డురాదు, కోర్టు అడ్డురాదు. అయినా ఆ మేనల్లుణ్ణే ఇల్లటం తెచ్చుకునే దారి ఎందుకు?

మేనరికం ఎరిగిన తెలుగువాళ్లకు జవాబు చెప్పనక్కర్లేదు. మేనల్లుణ్ణి దత్తత తీసుకుంటే అతడు కూతురికి తోబుట్టువవుతాడు. వరసైన బావ అన్నో తమ్ముడో అయిపోతాడు. అతని పెళ్లి ఇంకెక్కడో జరుగుతుంది, భూమి ఆ వచ్చిన పిల్ల సంతానానికి పోతుంది, కన్నకూతురు చీరె సారెలతో వేరే ఇంటికి వెళ్తుంది. అదే అతణ్ణి అల్లుడిగా తెచ్చుకుంటే ఆ భూమి దున్నేది కూతురు కన్న పిల్లలు. కాబట్టి దత్తత వీలుకాక ఇల్లటానికి దిగారనడం కుదరదు. ఎదురుగా రెండు దారులూ ఉన్నప్పుడు కూతురు ఇంట్లోనే ఉండే దారిని ఎంచుకున్నారు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. మితాక్షర న్యాయంలో కొడుకులు లేనివాడి విభక్త ఆస్తి భార్య తర్వాత కూతురికి, ఆ తర్వాత కూతురి కొడుకుకు ఎలాగూ వచ్చేదే కదా, మళ్లీ ఇల్లటం దేనికి? నిజమే. కానీ కూతురికి దక్కేది పరిమిత హక్కు. అవసరం రుజువైతే తప్ప ఆమె దాన్ని అమ్మలేదు. పైగా తండ్రికి ముసలితనంలో ఒక కొడుకు పుట్టాడా, ఆమె వారసత్వం మొత్తం గాలికి పోయినట్టే. ఇల్లటపు వాటా అలా పోదు. తమ్ముడు పుట్టినా అక్క సంసారానికి సగం నిలుస్తుంది. ఆడపిల్ల భవిష్యత్తుకు ఆనాటి న్యాయం ఇవ్వని ఈ భద్రతను ఆచారం ఇచ్చింది. నిరక్షరాస్యుల మోటు ఆచారమని దీన్ని చిన్నచూపు చూసినవారు ఈ ఒక్క సంగతి గమనించి ఉండాల్సింది.

అయితే ఆ భద్రత ఆమె పేరు మీద రాలేదు. ఇల్లటపుటల్లుడు పొందిన ఆస్తి అతని సొంత ఆస్తితో సమానమని న్యాయస్థానాలు తేల్చాయి. భార్య పిల్లలు లేకుండా చనిపోతే ఆ భూమి ఆమె పుట్టింటికి తిరిగి వస్తుందన్న పూచీ లేదు. ఇంటి ఉద్దేశం కూతురి సంతతి, కోర్టు రాతలో హక్కుదారు ఆమె భర్త. ఈ రెంటి మధ్య దూరమే నన్ను ఈ అంశం వైపు లాగింది.

ఇంటికి మగచెయ్యి కావలసిన మాట కాదనలేం. థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో కాపుల ప్రస్తావన వచ్చినచోట ఇల్లటం గురించి రాశాడు. వ్యవసాయానికి తోడు కోసమే అల్లుణ్ణి తెచ్చుకున్నారన్న వివరణ న్యాయగ్రంథాల్లోనూ కనిపిస్తుంది. నల్లరేగడి మెట్టచేలకు మనుషులు కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఒట్టి చాకిరీకైతే జీతగాడు చాలు. కొడుకుతో సమానమైన వాటా రాసివ్వడాన్ని ఆ కారణం ఒక్కటే వివరించలేదు.

మానవశాస్త్రంలో జాక్ గూడీ ఈ విషయాన్ని సరైన వైపు నుంచి చూశాడు. దత్తత మీద 1969లో రాసిన వ్యాసంలోనూ, ఆ తర్వాతి పుస్తకాల్లోనూ ఆయన దత్తతనూ ఇల్లరికాన్నీ వారసుడు లేని ఇల్లు వెతుక్కునే రెండు ఉపాయాలుగా పక్కపక్కన పెట్టాడు. కూతురు కేంద్రంగా నడిచే వివాహమని ఇల్లరికానికి పేరు పెట్టాడు. జపానులో ఈ రెండూ ఒకే మనిషిలో కలుస్తాయి. అక్కడి ముకోయోషి అల్లుడూ అవుతాడు, దత్తపుత్రుడూ అవుతాడు, మామ ఇంటిపేరు పెట్టుకుంటాడు. మన ఇల్లటపుటల్లుడు ఇంటిపేరు మార్చుకోనక్కర్లేదు, అతని హక్కులు పుట్టింట్లోనూ నిలుస్తాయి. దక్షిణాది బ్రాహ్మణుల్లో కూతురి కొడుకును దత్తత తీసుకునే ఆచారం ఉందని 1885లో మద్రాసు హైకోర్టే ఒప్పుకుంది. శాస్త్రం గట్టిగా వద్దన్నచోట కూడా ఇళ్లు కూతురి వైపే మొగ్గాయన్నమాట.

మగవాడికి ఈ స్థానం సుఖమైనది కాదు. అక్కినేని, జమున నటించిన 1959 నాటి ఇల్లరికం చిత్రం అతని అవమానాలనే కథగా చేసుకుంది. సాహిత్యం, సినిమా ఆ బాధ చాలానే చెప్పాయి గనుక ఇక్కడ దాన్ని పొడిగించను.

1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చింది. ఆడపిల్లనూ దత్తత తీసుకోవచ్చంది, దత్తహోమం తప్పనిసరి కాదంది. అందులో ఇల్లటం ఊసు లేదు. అదే ఏడాది వారసత్వ చట్టం కూతురికి తండ్రి సొంత వాటాలో కొడుకుతో సమాన హక్కిచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కొడుకుకే మిగిలింది. ఆంధ్రప్రదేశ్ దాన్నీ సవరించింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్ర సవరణ కూతుర్ని కొడుకుతో సమానంగా ఉమ్మడి భాగస్వామిని చేసింది. కేంద్రం ఆ పని చేసింది 2005లో. ఇరవై ఏళ్ల ముందే ఈ అడుగు వేసిన రాష్ట్రం మనదని గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా.

ఆ సవరణలో ఒక మినహాయింపు ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి అది వర్తించదు. పెళ్లయిన పిల్ల వేరే ఇంటి మనిషన్న ఊహ దాని వెనక ఉంది. ఇల్లటపు కూతురు పెళ్లయిన పిల్లే. ఆమె పుట్టిన గడప దాటలేదు, ఆ చేల మీద అజమాయిషీ చేసింది, తల్లిదండ్రుల్ని చివరిదాకా చూసుకుంది. అత్తారింటికి వెళ్లిన చెల్లెలితో పాటు ఆమెనూ ఆ చట్టం పెళ్లయిన కూతుళ్ల వరసలోనే రాసి, 2005 దాకా బయటే నిలబెట్టింది.