బాయి (గని) బూట్లు: ఆరబెట్టడం, భద్రపరచడం

రామగుండం, గోదావరిఖని సింగరేణి గనుల కార్మికులు, పక్కనే జ్యోతినగర్‌లో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం సిబ్బంది డ్యూటీలో తొడిగే రక్షణ బూట్లను షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య ఉంచే పద్ధతి ఇది. రక్షణ పాదరక్షలు లేనిదే గనిలోకి దిగరాదని, యాజమాన్యమే వాటిని 6 నెలలకు మించని వ్యవధిలో ఉచితంగా ఇవ్వాలని 1957 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్‌లోని 191వ నిబంధన చెప్పింది. ఆ రెగ్యులేషన్స్ స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. గని కార్మికుల తోలు బూట్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1989, మొదటి భాగం. ఈ నిబంధనల, ప్రమాణం దృష్టి ప్రధానంగా కాలి మీద పడే బొగ్గు పెళ్ల మీదే. వేళ్ల సందుల ఒరుపు కార్మికుడి సొంత గొడవగానే మిగిలింది.

చిక్కంతా టైముతోనే. 8 గంటల షిఫ్టు దిగాక మిగిలేవి 16 గంటలు. ఊటనీళ్లలో నాని, లోపల చెమట పట్టిన తోలు బూటు ఆలోపు, అందులోనూ వానాకాలంలో, సాధారణంగా పూర్తిగా ఆరదు. పైకి ఆరినట్టే ఉంటుంది. బూటు ముందున్న స్టీలు క్యాప్ కిందికి చేతివేళ్లు పోనిస్తే చల్లగా తగులుతుంది. ఆ తేమలో ట్రైకోఫైటాన్ జాతి బూజు పెరిగి వేళ్ల సందులు తెల్లబడి పాసిపోతాయి. అరికాలి మీద సన్నటి గుంటలు పడి కంపు కొట్టడం వేరే జబ్బు, బాక్టీరియా వల్ల వచ్చేది. రెంటినీ ఒకటిగానే చూడటం మామూలు. విద్యుత్ కేంద్రంలో ఊటనీళ్లు ఉండవు, వేడికి పట్టే చెమటే సమస్య.

ఆరబెట్టడంలో రెండు వాదాలున్నాయి. ఎండలో పెడితే క్రిములు చస్తాయని ఒకరు, తోలు బిరుసెక్కి పగులుతుందని ఒకరు. రామగుండం వేసవి ఎండ ఎరిగినవారు గాలాడే నీడకే ఓటు వేస్తారు. లేసులు వదులు చేసి, లోపలి అట్ట తీసి విడిగా ఆరేసి, బూటులో పాత న్యూస్‌పేపరు కుక్కాలి. తడిసిన కాగితం మార్చకపోతే అదే తడిని పట్టి ఉంచుతుంది. గంబూట్లను తుడిచి తలకిందులుగా తగిలించాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టి బండి డిక్కీలో పడేస్తే ఇదంతా వృథా. రెండు జతలు రోజు మార్చి రోజు వాడటమే అసలు ఉపాయం. ఒక్కో జతకు 40 గంటలు దొరుకుతాయి.

తొడిగే ముందు బూటు బోర్లించి దులపడం తేళ్ల భయంతో ఎలాగూ ఉన్న అలవాటే. షుగర్ ఉన్నవారు లోపల చేత్తో తడిమి కూడా చూసుకోవాలి: పాదంలో స్పర్శ తగ్గితే బొగ్గు రవ్వ గుచ్చుకున్న సంగతి పుండు పడ్డాకే తెలుస్తుంది.