నోటి మాట, సీసా మాట

మా ఆఫీసులో టైమ్‌షీట్ నింపేటప్పుడు అందరం రోజుకి ఎనిమిది గంటలే వేస్తాం. పన్నెండు గంటలు చేసిన రోజూ అంతే, నాలుగు గంటలు చేసిన రోజూ అంతే. మన సంగతి మననే అడిగితే వచ్చే లెక్క అలాగే ఏడుస్తుంది మరి! ఉద్యోగమున్న మనమే ఇలా ఉంటే, లాకప్‌లో ఉన్న మనిషిని "ఈమధ్య మత్తుమందు వాడావా అమ్మా?" అని అడిగితే ఏం చెబుతుంది?

అమెరికాలో నిజంగానే అడిగారు. 1987లో అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్ 'డ్రగ్ యూజ్ ఫోర్‌కాస్టింగ్' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పెద్ద నగరాల్లో కొత్తగా అరెస్టయిన మగవాళ్లనీ ఆడవాళ్లనీ కలిసి ప్రశ్నలడిగి, ఆ తర్వాత మూత్రం నమూనా తీసుకునేవారు. పేరు రాసుకోరు, కేసులో వాడరు, ఇష్టం లేకపోతే కుదరదనొచ్చు. అయినా చాలామంది ఒప్పుకున్నారు.

కొకైన్ ఆనవాళ్లు మూత్రంలో రెండు మూడు రోజులుంటాయి. కాబట్టి ఆ రోజుల సంగతి అడిగితే జవాబుని సరిచూడొచ్చు. అలా చూస్తే, కొకైన్ వాడినట్టు పరీక్షలో తేలినవాళ్లలో దాదాపు సగం మందే నోటితో ఒప్పుకున్నారు. ఆడవాళ్లలోనూ దాచినవాళ్లు తక్కువేం కాదు.

అబద్ధాలకోరులని తేల్చేద్దామా? తొందరపడకండి. అదే రోజుల్లో, 1989లో, సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌లో ఒక ప్రభుత్వాసుపత్రి గర్భిణుల మూత్రంలో కొకైన్ ఉందేమో చూసి, ఫలితాలు పోలీసులకి ఇవ్వడం మొదలుపెట్టింది. వైద్యానికని వెళ్లినవాళ్లలో 30 మంది అరెస్టయ్యారు. అనుమతి లేకుండా అలా చెయ్యడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2001 వచ్చింది. డాక్టరుకిచ్చిన సీసానే పోలీసు దగ్గరికి వెళ్లిన దేశంలో, "పేరు రాసుకోం, నిజం చెప్పు" అంటే ఏ ఆడది నమ్ముతుంది చెప్పండి?

అసలు విచిత్రం ఇంకోటుంది. ఈ కార్యక్రమం 1997లో 'ఆడమ్' అని పేరు మార్చుకుంది, డబ్బుల్లేక 2003తో ఆగిపోయింది. 2007లో మళ్లీ తెరిచినప్పుడు మగవాళ్లని మాత్రమే తీసుకున్నారు. పేరుకి తగ్గట్టు ఆడమ్‌లే మిగిలారు, ఈవ్‌లు లేరు! 2013తో అదీ అయిపోయింది.

తప్పు జవాబుంటే పక్కన సీసా పెట్టి ఎంత తప్పో కొలవొచ్చు. అడగడమే మానేస్తే కొలవడానికేముంది? నాకైతే ఆ ఆడవాళ్లు దాచినదాని కన్నా, వాళ్లని లెక్కలోంచి తీసెయ్యడమే పెద్ద తప్పనిపిస్తుంది. మీరేమంటారు?